బస్తీ కథ బస్తీలోనే వినాలి

(హైదరాబాద్‌లో ఒక కాలనీ గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. నేను కొంచెం ఎక్కువసేపే మాట్లాడేటట్టున్నాను. వెనక వినిపిస్తోందా అమ్మా? సరే.

నన్ను పిలిచిన పిల్లలు ఏమడిగారంటే, మన దగ్గర కూడా నెలకోసారి అందరం ఒకచోట కలిసి మన ఊరి కథలు, మన పండుగలు, మన ఆచారాల గురించి మాట్లాడుకుందాం అనుకుంటున్నాం, అది ఎలా చేస్తే బాగుంటుందో చెప్పండి అన్నారు. చాలా సంతోషమేసింది. ఇలాంటి కూడికలకు నేను ఈ నగరంలో చాలాకాలంగా తిరుగుతున్నాను, కొన్ని నేనూ జరిపాను. అక్కడ చూసినవి, విన్నవి చెప్తాను. మీకు పనికొచ్చేవి తీసుకోండి.

ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతా. చార్మినార్ ఎప్పుడు కట్టారు? చూశారా, 1591 అని అందరూ ఒక్కసారే అన్నారు. మరి మీరుండే గల్లీలో అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్నది ఎవరు? తెలిసినవాళ్లు చెయ్యెత్తండి. ముగ్గురు, నలుగురు... అంతేనా? ఆ ఇల్లు కట్టినప్పుడు ఇక్కడ నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు? బోనాలకు కుండ ఎవరింటి నుంచి వచ్చేది? ఇవి పుస్తకాల్లో దొరకవు. ఈ గదిలోనో, ఈ గది బయట అరుగు మీదో కూర్చున్న ఎవరికో ఒకరికి తెలిసి ఉంటాయి. వాళ్లను మనం అడగలేదు, అంతే.

ఇప్పుడు నగరంలో హెరిటేజ్ వాక్‌లు బాగా జరుగుతున్నాయి. ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గరో కోఠీలోనో ముప్పై నలభై మంది కలుస్తారు, ఒకరు ముందు నడుస్తూ చెప్తారు, మిగతావాళ్లు ఫోటోలు తీసుకుంటూ వింటారు. మంచిదే. వాటివల్ల ఎంతోమంది పిల్లలకు పాతబస్తీ అంటే బిర్యానీ, గాజులే కాదని తెలిసింది. కానీ ఒక్కసారి ఆ గల్లీలో ఉండే మనిషి వైపు నుంచి చూడండి. తన గుమ్మం ముందు నలభై మంది నిలబడి తన ఇంటి గురించి ఎవరో చెబుతుంటే వింటున్నారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ముసలాయన లోపల కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు! నాకు అది చాలా బాధనిపిస్తుంది. ఆయన తప్పు చెప్పొచ్చు, సగం మరిచిపోయి ఉండొచ్చు, అయినా మొదటి మాట ఆయనది కావాలి. మనం చేసే కూడికకు నేను చెప్పే మొదటి షరతు అదే. ఏ చోటు గురించి మాట్లాడతామో ఆ చోటికే వెళ్లాలి, అక్కడ ఉండేవాళ్లే ముందు మాట్లాడాలి.

ఒక ఉదాహరణ చెప్తా, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే ఈ నగరం మొత్తానికి ఇంతకంటే పెద్ద కథ నాకు కనపడదు. 1908 సెప్టెంబర్ 28. మూసీ వరద. మీలో ఎంతమంది విన్నారు? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, ఎంతమంది చూశారు? వెళ్లి చూడండి. అప్పటికి ఆ ఆసుపత్రి కట్టడం లేదు, అఫ్జల్‌గంజ్‌లో నది ఒడ్డున ఉన్న చెట్టు అది. నీళ్లు పెరిగిపోతుంటే నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ వరదలో వేలల్లో జనం పోయారు, పదిహేను వేలని సాధారణంగా చెప్తారు. నది మీద వంతెనలు దెబ్బతిన్నాయి, అన్నిటికంటే పాతది, 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలబడింది.

ఏటా సెప్టెంబర్ 28న ఆ చింతచెట్టు కింద కొందరు కలుస్తారు. పోయినవాళ్లను తలుచుకుంటారు, మూసీ గురించి మాట్లాడుకుంటారు. పెద్ద సభేం కాదు, వేదిక ఉండదు. ఆసుపత్రికి వచ్చిన రోగుల చుట్టాలు కూడా ఇదేంటని ఆగి వింటారు. నేను చూసిన కూడికల్లో నా మనసుకు బాగా దగ్గరైనది అదే, ఎందుకంటే ఆ కథ ఎక్కడ జరిగిందో అక్కడే నిలబడి వింటున్నాం, తల పైకెత్తితే ఆ కొమ్మలే కనపడతాయి. ఇదే కథ ఏసీ హాల్లో స్లైడ్లు వేసి చెప్తే తెలుస్తుంది కానీ ఒంటికి పట్టదు.

ఇంకో సంగతి చూడండి. ఆ ఒక్క వరద గురించి ఈ నగరంలో ఎవరిని అడిగితే వాళ్లు ఒక్కో కథ చెప్తారు. ఇంజినీర్లను అడగండి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చారు, మళ్లీ ఇలా జరగకుండా పైన చెరువులు కట్టాలన్నారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, మనం గండిపేట, అంటే ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్లు తాగామంటే ఆ వరద వల్లే అంటారు. ఉర్దూ సాహిత్యం తెలిసినవాళ్లను అడగండి, అమ్జద్ హైదరాబాదీ పేరు చెప్తారు. రుబాయీలకు, అంటే నాలుగు పాదాల చిన్న పద్యాలకు ఎంతో పేరున్న కవి. ఆ ఒక్క రోజులో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. లాల్ దర్వాజా అమ్మవారి గుడి దగ్గర అడగండి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన దివాన్ మహారాజా కిషన్ పర్షాద్ మాట విని అమ్మవారికి మొక్కుకున్నాడనీ, పసుపు కుంకుమ, పట్టుచీర మూసీకి సమర్పించాడనీ, అప్పుడు గంగమ్మ శాంతించిందనీ చెప్తారు.

వీటిలో ఏది నిజం అని అడుగుతారా? ఆనకట్టలు రికార్డుల్లో ఉన్నాయి, కళ్ల ముందే ఉన్నాయి. అమ్జద్ గారి దుఃఖం ఆయన కవిత్వంలో ఉంది. నవాబు మొక్కు కథ జనం నోట ఉంది, వందేళ్లు దాటినా ఇంకా చెప్పుకుంటున్నారు. ముస్లిం నవాబు హిందూ దేవతకు చీర పెట్టాడని హిందువులు ప్రేమగా చెప్పుకుంటున్నారంటే, ఈ నగరం తన రాజును ఎలా గుర్తుపెట్టుకోవాలనుకుందో అందులో కనపడుతోంది కదా? కూడికలో ఈ మూడూ వినాలి. కాకపోతే ఏది ఎక్కడినుంచి వచ్చిందో మన నోట్‌బుక్కులో స్పష్టంగా రాసుకోవాలి. ఇది జనం చెప్పింది, ఇది రికార్డులో ఉన్నది, ఇది ఫలానా చోట రాసి ఉంది అని.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, పురానాపూల్ సంగతే తీసుకోండి. అక్కడికి వెళ్లిన ప్రతి గుంపుకీ చెప్పే కథ ఒకటుంది. యువరాజు మహమ్మద్ కులీ ప్రేయసి భాగమతిని చూడటానికి నిండుగా పారుతున్న మూసీలోకి గుర్రాన్ని దింపాడు, తండ్రి ఇబ్రహీం కులీకి భయమేసి వంతెన కట్టించాడు. ఎంత బాగుందో! కానీ లెక్క వేసుకోండి. వంతెన 1578లో అయింది. యువరాజు పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే పదమూడేళ్లు. వంతెన కట్టడం మొదలైనప్పుడు ఇంకా చిన్నవాడు. భాగమతి అసలు ఉందా లేదా అన్నదాని మీదే పెద్దవాళ్లు వాదించుకున్నారు. చరిత్రకారుడు షేర్వానీ గారు లేదన్నారు, నరేంద్ర లూథర్ గారు ఉందన్నారు. మరి మనం కూడికలో ఏం చెయ్యాలి? కథ పూర్తిగా చెప్పాలి, రసం చెడగొట్టకుండా చెప్పాలి, తర్వాత ఈ లెక్క కూడా చెప్పాలి. పిల్లల ముందు ఇలా రెండూ చెప్పి చూడండి, వాళ్లే ఎన్ని ప్రశ్నలు వేస్తారో. మరి వంతెన ఎందుకు కట్టారంకుల్ అంటారు. గోల్కొండ నుంచి అవతలి ఒడ్డుకు దారి కావాలి కదా, బండ్లు పోవాలి, సరుకు పోవాలి, సైన్యం పోవాలి. అప్పుడు మాటలు వ్యాపారం మీదికి, పాత వర్తకుల పేట కార్వాన్ మీదికి, వజ్రాల మీదికి పోతాయి. ప్రేమకథ దగ్గరే ఆగిపోయి ఉంటే ఇవేవీ రావు.

బోనాల గురించి చెప్పకపోతే మా అక్కలు ఊరుకోరు, వెనకనుంచి సైగలు చేస్తున్నారు. చెప్తానమ్మా, వస్తున్నా. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజా, ఈ వరస అందరికీ తెలుసు. టీవీల్లో అంతా చూపిస్తారు, పోతరాజును చూపిస్తారు, రంగం, అంటే అమ్మవారు పూనిన ఆమె చెప్పే భవిష్యవాణి చూపిస్తారు, పట్టువస్త్రాలు తెచ్చిన మంత్రిగారిని ఇంకొంచెం ఎక్కువసేపు చూపిస్తారు. నేనేమంటానంటే, మన కూడికకు ఇంకో రకం మనుషులను పిలుద్దాం. రంగం చెప్పే ఆమె పచ్చికుండ మీద నిలబడుతుంది కదా, కాల్చని కుండ, అది చేసిచ్చేది ఎవరు? ఆ కుమ్మరి ఇంటికి ఏ మట్టి వస్తుంది, నగరంలో చెరువులన్నీ పోయాక ఇప్పుడు ఎక్కడినుంచి తెస్తున్నారు? రంగుకాగితాలు, వెదురుబద్దలతో అమ్మవారికి సమర్పించే తొట్టెలు కట్టేవాళ్లు ఎవరు? డప్పు కొట్టేవాళ్లు ఏ బస్తీ నుంచి వస్తారు, పోతరాజు ముందు కొట్టే దెబ్బకూ, ఊరేగే అమ్మవారి కలశం, ఆ ఘటం ముందు కొట్టే దెబ్బకూ తేడా ఏమిటి? వీళ్లను పిలిచి కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఒక గంట వినండి. పండుగ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా ఒక మామూలు పనివాడితోనే మొదలవుతుంది, గుర్తుపెట్టుకోండి. పల్టన్‌లో, అంటే సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య. 1813లో ఉజ్జయినిలో పనిమీద ఉన్నప్పుడు ఇక్కడ కలరా వచ్చిందని విన్నాడు, నా ఊరు బాగుపడితే నిన్ను తీసుకెళ్లి అక్కడ నిలబెడతానని అమ్మవారికి మొక్కుకున్నాడు, తిరిగొచ్చాక 1815లో కొయ్య విగ్రహం పెట్టాడు. గుడి దగ్గర చెప్పే కథ ఇది. నగరాన్ని నవాబులూ దివాన్లూ మాత్రమే కట్టలేదు. డోలీ మోసినవాడి మొక్కు దగ్గర ఇప్పుడు లక్షల మంది నిలబడుతున్నారు.

బోనం ఎత్తే ఆడవాళ్లను మాట్లాడించడానికి సాయంత్రం ఏడింటికి కూడిక పెడితే రారు, వంటలుంటాయి. మధ్యాహ్నం మూడింటికి పెట్టండి. ఎవరింట్లోనైనా పెట్టండి, ఫంక్షన్ హాల్ వద్దు. మైకు కూడా వద్దు. మైకు ఇస్తే మన అమ్మలు "నాకేం తెలుసు నాయనా" అంటారు. అదే నలుగురు పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ మాట్లాడితే, అత్తగారింట్లో బోనంలో ఏం వండేవారు, పుట్టింట్లో ఏం వండేవారు, ఏ పాట ఎక్కడ నేర్చుకున్నారు, అంతా వస్తుంది.

మొహర్రం సంగతి వేరు. పదో రోజున డబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం, అంటే పీరు లాంటి పవిత్ర చిహ్నం, ఏనుగు మీద బయలుదేరి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా వస్తుంది. దారి పొడుగునా సబీళ్లు పెట్టి నీళ్లు, షర్బత్ ఇస్తారు. మతంతో పని లేకుండా జనం వచ్చి ఆలంకు ధట్టీ, అంటే మొక్కుబడి గుడ్డ కట్టి మొక్కుకుంటారు. మన పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కానీ నగరంలో అక్కడ నడుస్తున్నవాళ్లకు అది సంతాపం. కర్బలా యుద్ధంలో పోయిన ఇమామ్ హుసేన్, ఆయనవాళ్ల కోసం ఏడుస్తున్నారు. మన గుంపు అక్కడికి వెళ్తే నవ్వుతూ సెల్ఫీలు దిగకూడదు, రంగురంగుల బట్టలు వేసుకోకూడదు, దారికి అడ్డం నిలబడకూడదు. ముందే ఆ మొహల్లాలో ఒకరితో మాట్లాడి, మేం వస్తే మీకు ఇబ్బందా అని అడిగి వెళ్లాలి. వద్దంటే మానేయాలి, నొచ్చుకోకూడదు. ఊరేగింపు అయిపోయిన కొన్ని వారాలకు వెళ్లి అడగండి, అప్పుడు తీరిగ్గా చెప్తారు. మొహర్రం సంతాపం జరిపే పాత కట్టడం బాద్షాహీ ఆషూర్‌ఖానాలో ఆ రంగుల పెంకుల పనితనం అప్పుడే ప్రశాంతంగా చూడొచ్చు కూడా.

ఇలాంటి కూడికలు ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు. అస్సలు కాదు! ఈ నగరంలో తెలుగువాళ్లు ఈ పని వందేళ్లకు పైగా చేస్తున్నారు. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు. రావిచెట్టు వారి ఇంట్లోనే మొదలైంది. ఇప్పటికీ సుల్తాన్‌బజార్‌లో ఉంది, మీలో ఎంతమంది లోపలికి వెళ్లారు? 1921లో వివేకవర్ధినిలో సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడటానికి లేచారు, గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంతో ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో కొద్దిమంది కలిసి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. ఒక ఇంట్లో, ఒక రాత్రి, వేళ్ల మీద లెక్కపెట్టే మందితో! ఆ కదలిక నుంచే లక్ష్మణరాయ పరిశోధక మండలి వచ్చింది. ఊరూరా తిరిగి శాసనాలు, తాళపత్రాలు పోగుచేశారు.

సురవరం ప్రతాపరెడ్డి గారి పని ఇంకా ఇష్టం నాకు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ఈయన తిట్టుకుంటూ కూర్చోలేదు. తన గోలకొండ పత్రికలో అడిగారు, మీ మీ ఊళ్లలో కవుల పద్యాలు పంపండి అని. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది, అందులో 354 మంది కవులు! ఎవరో ఒక పండితుడు గదిలో కూర్చుని తయారుచేసిన జాబితా కాదది. ఊళ్ల నుంచి జనం పంపారు. మనకు ఇవాళ వాట్సాప్ ఉంది, ఫోన్‌లో రికార్డర్ ఉంది. ఆయనకు పోస్టుకార్డే దిక్కు.

ఇక పని ఎలా చేయాలో. మనిషి చెప్పిన భాషలోనే రికార్డ్ చేయండి. ఇది దక్కనీ మాట్లాడే నగరం, మరాఠీ, కన్నడ, లంబాడీ మాట్లాడే ఇళ్లున్న నగరం. పెద్దాయన దక్కనీలో "హౌ, నక్కో" అంటూ చెబుతుంటే మధ్యలో ఆపి తెలుగులో చెప్పమనొద్దు, కథ చచ్చిపోతుంది. తర్వాత కూర్చుని తెలుగులో రాసుకుందాం. రికార్డ్ చేసేముందు అడగండి, అయ్యాక మళ్లీ అడగండి, ఇది పదిమందికి వినిపించొచ్చా అని. కొందరు మాటల ఊపులో ఇంటి గొడవలు చెప్తారు, ఆస్తి సంగతులు చెప్తారు, 1948 నాటి గాయాలు చెప్తారు. భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల గురించి, రజాకార్ల గురించి రెండు వైపులా ఇంకా నొప్పి ఉన్న ఇళ్లున్నాయి. వినండి. అక్కడికక్కడే వాదన పెట్టుకోవద్దు, మర్నాడే ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. నమ్మి చెప్పిన మాట అది.

ఎవరు రాలేదో కూడా ప్రతిసారీ చూసుకోండి. మొదటి రెండు నెలలు మనలాంటివాళ్లే వస్తారు, రిటైర్డ్ ఉద్యోగులు, టీచర్లు, కాలేజీ పిల్లలు. కాలనీ చెత్త తీసే మనిషి వచ్చారా? పక్క బస్తీ వాళ్లు వచ్చారా? రాలేదంటే మనం పిలిచిన తీరులోనే ఏదో ఉంది. మన హాలుకు వాళ్లను రమ్మనడం ఆపి, వాళ్ల చావడి దగ్గరికి మనమే పోదాం.

"మాది ఇక్కడ కాదండీ, మేం ఒంగోలు నుంచి వచ్చాం, మాకేం కథలుంటాయి" అని ఇందాక ఒకాయన నాతో అన్నారు. ఎందుకుండవు? మీరు వచ్చిన రోజు ఈ రోడ్డు ఎలా ఉందో మీకు తెలుసు. కూకట్‌పల్లి, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఇవన్నీ మొన్నమొన్నటి దాకా ఊళ్లు. గచ్చిబౌలి అద్దాల మేడల సందులో పోచమ్మ గుడి ఉంది, దానికి ఇప్పటికీ బోనం ఎత్తే ఇళ్లున్నాయి. కేబుల్ బ్రిడ్జి మీద ఫోటోలు దిగుతారు కదా, కింద ఉన్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. పాత ఊరివాళ్లూ, కొత్తగా వచ్చినవాళ్లూ ఒకే చాపమీద కూర్చుంటే ఒకరు పొలం గురించి చెప్తారు, ఇంకొకరు ఆ పొలంలో లేచిన అపార్ట్‌మెంట్‌లో మొదటి రాత్రి గురించి చెప్తారు. రెండూ ఈ నగరం కథే కదా.

సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి చూసి రండి. చెత్తతో నిండిపోయి ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని బావి అది. శుభ్రం చేసి, బాగుచేసి 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడ జనం కూర్చుంటారు, పిల్లలు మెట్లెక్కి దిగుతుంటారు. మన కాలనీ వెనక పూడిపోయిన బావి ఒకటుందని ఇక్కడే ఒకావిడ చెప్పారు. దాని సంగతి ఎవరికి తెలుసు? మొదటి కూడిక అక్కడే ఎందుకు పెట్టకూడదు?

డబ్బు గురించి అడిగారు. పెద్దగా అక్కర్లేదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, రెండు చాపలు. స్పాన్సర్ల బ్యానర్ మాత్రం వద్దు, బ్యానర్ వస్తే వేదిక వస్తుంది, వేదిక వస్తే శాలువాలు వస్తాయి, ఇక పెద్దవాళ్ల ఉపన్యాసాలే తప్ప కథలుండవు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మన కాలనీ వెనక బావి దగ్గర కలుద్దాం. ఒక్కొక్కరు మీ ఇంట్లోనో మీ గల్లీలోనో డెబ్బై దాటిన ఒకరిని వెంట తీసుకురండి. నడవలేనివాళ్లుంటే చెప్పండి, ఆటో పంపిద్దాం. కుర్చీలు నేను తెస్తాను. ఇప్పుడు మీరు మాట్లాడండి, ఆ మూలన కూర్చున్న అవ్వ ఇందాకట్నుంచి ఏదో చెప్పాలని చూస్తోంది. అవ్వా, చెప్పు, ఆ బావిలో నీళ్లు నువ్వు తోడినవా?